గాలి తగిలేదాకా

"...అంతేగానీ నల్లగా కనిపించిందల్లా నూనే అంటే ఎలాగండీ? మబ్బు నీడ పడితే నూనె, గాలి ఆగిపోతే నూనె. రేపు నేను జడ విప్పుకుని నీళ్ళలోకి వంగినా మీ అక్క మరపడవ పంపిస్తుంది."

"మెల్లగా. మెట్ల మీద ఉందేమో."

"ఉంటే మంచిదే, మళ్ళీ చెప్పే పని తప్పుతుంది."

"అది తన ఉద్యోగం."

"ఉద్యోగం మానమన్నానా? గాలి తగిలేదాకా ఆగి, అప్పుడు నోరు తెరవమంటున్నాను. గాలి తగిలితే తేలిపోతుందని నాకు చెప్పింది మీరే. పోయినేడాది కాసేపు ఓపిక పట్టి ఉంటే ఆ బోనులో చేపలు బతికుండేవా లేదా? ముందు అది చెప్పండి."

తమ్ముడు కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

ఆమె నిజంగానే మెట్ల మలుపులో ఉంది. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. ఇలాంటివి వినడం కొత్త కాదు. మొదట్లో ముఖం వేడెక్కేది, గొంతు ఎండిపోయేది. ఇప్పుడు అవేవీ లేవు. పక్కింటి రేడియోలో వార్తలు విన్నట్టు వింది. రెండో చెప్పు కూడా వేసుకుని, కావాలనే చప్పుడు చేస్తూ కిందికి దిగింది.

మరదలు భోజనం డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "కూర వేడిగా ఉంది వదినా. మూత చూసుకుని తియ్యి, చీర మీద పడుతుంది."

ఆ మాటలో కోపం ఉందో సర్దుబాటు ఉందో ఆమె వెతకలేదు. డబ్బా సంచీలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, "ఈసారి ఆగుతాలే," అంది.

"ఏమిటి వదినా?"

"గాలి తగిలేదాకా. తగిలాకే చెబుతాను."

మరదలు మొగుడి వైపు చూసింది. అతను వంగి రబ్బరు బూట్లు తొడుక్కుంటున్నాడు. తొడుక్కున్న బూటునే ఊడదీసి మళ్ళీ తొడుక్కున్నాడు.

"మాటేనా?" అంది మరదలు.

"మాటే."

ఆమె పని చేసే గది రేవు కట్ట చివర, నాలుగంతస్తుల భవనం పైన ఉంది. చుట్టూ సముద్రమే గానీ గదిలోంచి సముద్రం కనిపించదు. తెర మీద వెలుతురు పడకూడదని కిటికీల తెరలు ఎప్పుడూ దించే ఉంచుతారు. రాడార్ పైకప్పు మీద తిరుగుతూ ఉంటుంది. అది చూసిందే ఆమె చూడాలి.

అంతకుముందు చాలా ఏళ్ళు ఆమె కింది అంతస్తులో ఓడల రాకపోకల గదిలో చేసింది. అక్కడ ఓడ అంటే చుక్క. ఏ చుక్క ఎటు పోతోంది, ఏ చుక్క ఏ చుక్కకి అడ్డం వస్తోంది, అదే పని. అందరూ ఆమెను చుక్కలమ్మ అనేవాళ్ళు. అలల మీద తగిలి వెనక్కి వచ్చే రాడార్ తరంగాల వల్ల తెరంతా ఇసుక చల్లినట్టు తెల్లటి నలుసులు పడతాయి. వాటిని ఆ గదిలో చెత్త అంటారు. ఒక మీట తిప్పితే ఆ చెత్తంతా పోతుంది, నల్లటి తెర మీద ఓడల చుక్కలు మాత్రం మిగులుతాయి. తన తెర మీద ఒక్క నలుసు కనిపించినా ఆమెకు తోచేది కాదు.

పై గదిలో పని తలకిందులు. ఇక్కడ ఓడలతో నిమిత్తం లేదు. ఆ చెత్తే కావాలి. నీళ్ళ మీద నూనె పరుచుకుంటే చిన్న చిన్న అలలు అణిగిపోతాయి. అక్కడ తగిలిన తరంగం వెనక్కి రాదు. నలుసుల మధ్యలో నల్లటి మరక పడుతుంది. నూనె కనిపించదు, నూనె వల్ల కనిపించకుండా పోయినది కనిపిస్తుంది. పని నేర్పిన మాస్టారు మొదటి రోజే ఆ మీట మీద మందుల షాపులో దొరికే ప్లాస్టర్ అంటించాడు. "నీ చెయ్యి ఊరుకోదమ్మా. శుభ్రం చేసేస్తావు. నువ్వు శుభ్రం చేశావంటే సముద్రంలో శుభ్రం చెయ్యడానికి ఎవరూ పోరు," అన్నాడు. నిజమే, ఆ తర్వాత చాలా నెలలు ఆమె వేలు తనకు తెలియకుండానే వెళ్ళి ప్లాస్టర్‌ని తడిమి వచ్చేది. కింది గదివాళ్ళు పేరు కూడా మార్చేశారు. చుక్కలమ్మ కాస్తా మరకలమ్మ అయింది.

కింది గదిలో ఉన్నప్పుడు ఒక పెళ్ళి కూడా అయింది. భర్త సరుకు ఓడల్లో ఇంజిన్ గదిలో పనిచేసేవాడు. అతని ఓడ రేవు దాటేటప్పుడు ఆమె తెర మీద చుక్కగా కదిలేది. అంచు దాకా వెళ్ళి మాయమయ్యేది. ఒకసారి ఏదో వేరే రేవు నుంచి ఫోన్ చేసి, ఇక రానని, ఇక్కడ ఇంకో మనిషి ఉందని చెప్పాడు. అప్పుడామె డ్యూటీలో ఉంది. "సరే. ఒక ఓడ లోపలికి వస్తోంది, పెట్టేస్తాను," అంది. ఆ ఓడని ఏ పొరపాటూ లేకుండా లోపలికి తెచ్చింది. దాని వెనకాల ఇంకోటి వచ్చింది, దాన్నీ తెచ్చింది. ఏడుపు ఇంటికెళ్ళాక వస్తుందనుకుంది. రాలేదు. కొన్నాళ్ళు ఎదురు చూసి, తర్వాత ఆ ఎదురుచూపు కూడా మర్చిపోయింది. ఒక్కతే ఎందుకు, మేడ మీద గది ఖాళీగానే ఉంది కదా అని తమ్ముడు తీసుకొచ్చాడు.

తమ్ముడికీ మరదలికీ చేపల బోనులున్నాయి. రేవుకి అవతల, అఖాతంలోకి సముద్రం వచ్చే మొగలో, నీళ్ళ మీద తేలే చట్రాలు, వాటికింద వేలాడే వలలు, వలల్లో చేపలు. అఖాతంలోకి నూనె వస్తోందంటే చట్రం చుట్టూ టార్పాలిన్ పరదాలు దించాలి. తేలుతూ వచ్చే నూనె పరదా అవతలే ఆగిపోతుంది. చిక్కల్లా పరదాల దగ్గరే ఉంది. అవి నూనెతో పాటు నీటి కదలికని కూడా ఆపేస్తాయి. గాలి లేని రోజున, ఎండ పూట, పరదా దించి ఎక్కువసేపు ఉంచితే లోపల చేపలకి ఊపిరాడదు.

పోయినేడాది అదే జరిగింది. గాలి బాగా పడిపోయిన మధ్యాహ్నం తెర మీద పెద్ద మరక కనిపించింది. ఆమె నూనె అంది. అఖాతంలో అందరూ పరదాలు దించారు. గస్తీ పడవ వెళ్ళి చూస్తే నూనె లేదు, ఏమీ లేదు. అలల్లేని నీళ్ళు, అంతే. గాలి లేకపోతే ఉత్త నీళ్ళు కూడా నూనెలాగే నల్లగా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే గాలి రావాలి. గాలి తగిలితే ఉత్త నీళ్ళ మీద నలుసులు లేస్తాయి, నూనె మీద లేవవు. ఆమె ఆ గాలి కోసం ఆగలేదు. ఆగమని ఏ నిబంధనా చెప్పదు, ఆగొద్దనీ చెప్పదు. అది చూసేవాళ్ళ ఇష్టం. తమ్ముడి బోనుల్లో ఒకదాంట్లో, అన్నింటికన్నా లోపల ఉన్నదాంట్లో, చేపలన్నీ ఆ పూట ఊపిరాడక చచ్చిపోయాయి. మరదలు రెండు రోజులు చేపల్ని తట్టలతో ఎత్తి పోసింది. వాసన వదలడానికి చేతులకి నిమ్మచెక్క రాసుకుంటూ, "ఏం చేస్తాం వదినా, నీకు మాత్రం ఏం తెలుసు," అంది. ఆ మాట తర్వాతే ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

ఆగుతానని మాటిచ్చి వచ్చిన రోజు మధ్యాహ్నం దాటాక గాలి పడిపోవడం మొదలైంది. తెర మీద నలుసులు ఒక్కొక్క చోటే పలచబడి, అక్కడక్కడా నల్లటి మడుగులు తేలాయి. ఇలాంటి పూట వాటిని పట్టించుకోనవసరం లేదు. మడుగులు కలుస్తాయి, విడిపోతాయి. అంచులు మెత్తగా ఉంటాయి. ఆమె భోజనం డబ్బా మూత జాగ్రత్తగా తీసి, తెర మీంచి కళ్ళు తీయకుండా తింటోంది.

ఆ మడుగుల మధ్యలో ఒకటి వేరుగా ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది. ఒక కొస సూదిలా ఉంది, ఒక వైపు అంచు తాడు లాగి గీసినట్టు తిన్నగా ఉంది. నిలిచిన నీటికి తిన్నటి అంచు ఎందుకుంటుంది? పొద్దున ఒక ట్యాంకరు ఆ దారినే పోయింది. పోతూ పోతూ ఓడ అడుగున చేరిన నూనె నీళ్ళు వదిలితే గీత ఇలాగే పడుతుంది. ఆమె చెంచా డబ్బాలో పెట్టింది. చెయ్యి ఫోన్ దాకా వెళ్ళింది. ఫోన్ మీదే కాసేపు ఉండి వెనక్కి వచ్చింది.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి వెనకగా వచ్చి నిలబడ్డాడు. ఎక్కడ తడుస్తానోనని మబ్బు పట్టకముందే గొడుగు విప్పుకునే మనిషని ఆయన్ని వెనకాల అందరూ గొడుగు అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"ఏమిటమ్మా అది?"

"ఇంకా తెలియదు సార్."

"నీకు తెలియదా, గాలికి తెలియదా?"

"గాలి తగలనివ్వండి."

"గస్తీ పడవ మరమ్మతులో ఉంది. కళ్ళతో చూసొచ్చేవాళ్ళు లేరు. ఏదైనా నీ మాటే." ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అఖాతంలో మీ తమ్ముడి బోనులున్నాయి కదూ? కావాలంటే కింది నుంచి ఇంకొకర్ని పిలుస్తాను. నీ మీద మాట రాకుండా ఉంటుంది."

"కిందివాళ్ళకి ఇది చూడటం రాదు సార్."

"అదీ నిజమే. పోనీ నేను నిన్ను అడిగానని గుర్తుంచుకో," అని గొడుగు తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

ఆమె బోనుల దగ్గరికి ఫోన్ చేసింది. తమ్ముడే ఎత్తాడు. వెనకాల మేత పోసే మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"అక్కడ గాలి ఎలా ఉంది?"

"గాలా? నిప్పుపుల్ల గీసి పట్టుకుంటే ఆరడం లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. ఏం అక్కా?"

"వాసనేమన్నా వస్తోందా?"

"మేత వాసన తప్ప ఇంకేం లేదు." మోటారు ఆగింది. అతని గొంతు మారింది. "నూనేనా?"

తెర మీద గీత అఖాతం మొగ వైపు కొద్దిగా జరిగి ఉంది. నీటిపోటు లోపలికి లాగుతోంది. ఆ గీత జరిగినట్టే పక్కనున్న మడుగులు కూడా జరిగాయి. అవి కూడా జరిగాయి కదా అని ఆమె తనకు తాను చెప్పుకుంది.

"చెప్పలేను. గాలి రాలేదు," అంది.

"సరే. నువ్వు చెప్పేదాకా దించను." ఆ తర్వాత, నవ్వడానికి ప్రయత్నిస్తూ, "మీ మరదలు ఇక్కడే ఉంది. పరదా అన్న మాట వింటేనే నన్ను నీళ్ళలోకి తోసేట్టు చూస్తోంది," అన్నాడు.

ఫోన్ పెట్టేసి ఆమె కూర్చుంది. గాలి వేగం చూపించే ముల్లు అడుగున పడి ఉంది. గదిలో ఏసీ రొద చేస్తోంది. ఒక మనిషి ఇలాంటప్పుడు కంగారు పడాలి. అరచేతులు తడవాలి, కాలు నేల మీద ఆడాలి. ఆమె తన అరచేతులు చూసుకుంది. పొడిగా ఉన్నాయి. మళ్ళీ తెర చూసింది. గీత తిన్నటి అంచు చెదరలేదు. మడుగులు రెండు కలిసి ఒకటయ్యాయి, మళ్ళీ విడిపోయాయి. గీత దేనితోనూ కలవలేదు. ఆమె అదంతా చూసింది, చూసినట్టు గమనించింది, కుర్చీలో అలాగే ఉంది. గొడుగు మధ్యలో లేచి వచ్చి టీ కప్పు పక్కన పెట్టి వెళ్ళాడు. అది మీగడ కట్టింది.

చాలాసేపటికి ముల్లు కదిలింది. కదిలి, పడి, మళ్ళీ లేచి నిలబడింది. తెర పై అంచు నుంచి నలుసులు మొదలయ్యాయి. వాన చినుకులు మట్టి మీద పడ్డట్టు ఒకటి, రెండు, తర్వాత లెక్కలేనన్ని. మడుగులు ఒక్కొక్కటే నిండిపోయాయి. అఖాతం మొగంతా తెల్లగా అయింది. మధ్యలో ఆ గీత ఒక్కటే నల్లగా, ఇంకా నల్లగా మిగిలింది. ఇప్పుడు ఎవరు చూసినా తెలుస్తుంది. కింది గదివాళ్ళు చూసినా తెలుస్తుంది. వచ్చిన గాలి సముద్రం మీంచి ఒడ్డుకే వస్తోంది, దాన్ని వెనక నుంచి నెడుతోంది.

"నూనె సార్," అంది ఆమె.

గొడుగు అప్పటికే లేచాడు. ఆ తర్వాత పనులన్నీ పద్ధతిగా జరిగాయి. అఖాతంలోకి రాకపోకలు ఆపేశారు. బోనుల వాళ్ళందరికీ ఫోన్లు వెళ్ళాయి. నూనెకి అడ్డంగా తేలే గొట్టాలు వేసుకుని రెండు పడవలు బయల్దేరాయి. గీత ఎటు వంగుతోంది, ఎక్కడ తెగుతోంది ఆమె చెబుతూనే ఉంది, పడవలవాళ్ళు ఆ మాట ప్రకారం తిప్పుకుంటూ పోయారు. ఒక్క తప్పు మాట కూడా ఆమె నోటి నుంచి రాలేదు. సాయంత్రం షిఫ్ట్ మారేసరికి నూనె చాలా మటుకు గొట్టాల మధ్యలో చిక్కింది. గొడుగు ఆమె భుజం తట్టబోయి, తట్టకుండా చెయ్యి దించి, "ఈసారి గురి తప్పలేదమ్మా. పైవాళ్ళకి నీ గురించి రాస్తాను," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి గుమ్మం బయట రెండు జతల బూట్లు, నల్లటి జిడ్డుతో, పాత కాగితాల మీద బోర్లించి ఉన్నాయి. తమ్ముడు పెరట్లో పంపు కింద మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నాడు. జిడ్డు వదలడం లేదు.

"బయటి వైపు రెండు బోనులు పోయాయక్కా," అన్నాడు. "పరదా సగం దించేసరికి వచ్చేసింది. మిగతావన్నీ మూసేశాం. ఒక్క చేప చావలేదు. గాలి కూడా ఉంది కదా, లోపల నీళ్ళు ఆడుతూనే ఉన్నాయి."

"రెండా?"

"రెండే. ఇంకో పావుగంట దొరికితే అవి కూడా మూసేవాళ్ళం. ఏం చేస్తాం." అతను సబ్బు పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు. "పక్కవాళ్ళకి ఒక్కటి కూడా పోలేదు. లోపలికి ఉన్నారుగా. మనమే మొగలో ఉన్నాం."

ఆమె అతని చేతుల మీద నీళ్ళు పోసింది. నీళ్ళు జిడ్డు మీంచి పూసల్లా జారిపోతున్నాయి. ఫోన్ దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చినప్పటి నుంచి ముల్లు కదిలేదాకా ఎన్ని పావుగంటలు గడిచాయో ఆమె లెక్క వేయలేదు. వేయనవసరం లేకుండానే తెలుసు. తెలిసినది మనసుకి గుచ్చుకోలేదు. నిలిచిన నీళ్ళలా ఉంది లోపల.

లోపల మరదలు కంచాలు పెట్టింది. ఆమె కంచం మొదట పెట్టింది. చాలా నెలల తర్వాత ఎదురుగా కూర్చుని తనే వడ్డించింది.

"నా మీద కోపం పెట్టుకోకు వదినా. పొద్దున ఏవేవో అన్నాను. విన్నావు కదూ?"

"జడ దగ్గర నుంచి విన్నాను."

మరదలు పకాలున నవ్వి, నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు కూడా నవ్వాడు. చాలా రోజులకి ఆ ఇంట్లో ముగ్గురూ ఒకచోట కూర్చున్నారు.

"నిజం చెబుతున్నా," అంది మరదలు నవ్వు ఆపుకుని. "రెండు పోయాయని బాధ లేదా అంటే ఉంది. కానీ అది సముద్రం చేసిన పని. ఓడవాడు చేసిన పని. నిన్ననడానికి ఏముంది? నువ్వు మాటిచ్చినట్టే ఆగావు. ఆగి, ఖాయం చేసుకుని చెప్పావు. అందుకే చెప్పగానే ఈయన మారుమాట లేకుండా దించేశారు. ఇదివరకటిలా చెప్పి ఉంటే నేనే అడ్డం పడేదాన్ని. పడేదాన్నే, నా సంగతి నాకు తెలుసు."

"మరే," అన్నాడు తమ్ముడు. "ఆగడమే మంచిదైంది."

"ఇంక ఎప్పుడూ ఇలాగే చెయ్యి వదినా. నీకూ మాట రాదు, మాకూ మనశ్శాంతి." మరదలు ఆమె కంచంలో ఇంకాస్త కూర వేసింది. "ఏం, తినడం లేదేం?"

ఆమె ఒక ముద్ద కలిపింది. కలిపిన ముద్దని కంచం అంచున పెట్టింది.

"రేపటి నుంచి నేను గాలి కోసం ఆగను," అంది.